ముఖం గోడకి, వీపు వీధికి

పెయింటరు ఆ రోజు పొద్దున్న లేస్తూనే మూడు పనులు అనుకున్నాడు. తొమ్మిదికల్లా షాపులో నేల ఖాళీ చేయించాలి. పదిన్నరకల్లా నమూనా బోర్డు మీద ఆఖరి అక్షరానికి నీడ గీత వేయాలి. పదకొండింటికి మేడమ్ వస్తే కోపం తెచ్చుకోకుండా మాట్లాడాలి. మూడోది తన వల్ల కాదని అతనికి తెలుసు. అయినా అనుకోవడానికేం పోయిందని అనుకున్నాడు.

మేడమ్ అంటే ఆరంతస్తుల కొత్త ఆఫీసు భవనం బాగోగులు చూసే అధికారిణి. ఆ భవనంలో ప్రతి గదికీ, ప్రతి మెట్ల మలుపుకీ, ప్రతి కుళాయికీ కలిపి రెండు వందల పన్నెండు బోర్డులు కావాలి. ఆ పని పెయింటరుకి ఇవ్వాలా, పెద్ద రోడ్డు మీద మిషను పెట్టుకుని గంటకి వంద స్టిక్కర్లు కక్కించే కంపెనీకి ఇవ్వాలా అన్నది ఆవిడ ఆ రోజే తేల్చేస్తానంది. పెయింటరు ఆవిడ గొంతు ఫోనులో విన్నాడు తప్ప మనిషిని చూడలేదు. ఈ పని రాకపోతే షాపు మూసేసి, ఆ మిషను కంపెనీలోనే స్టిక్కర్లు అంటించే కొలువులో చేరడం తప్ప వేరే దారి లేదు. ఇరవై రెండేళ్లు కుంచె పట్టిన చేత్తో స్టిక్కరు కింద గాలి బుడగలు నొక్కుతూ కూర్చోవడం తలుచుకుంటేనే అతనికి ఒళ్లు మండిపోయేది.

నిజానికి అతనికి ఒళ్లు మండని రోజంటూ లేదు. జనం బోర్డులు చదవరన్నది అతని జన్మకంతటికీ సరిపడా ఫిర్యాదు. 'ఇక్కడ వాహనములు నిలుపరాదు' అని తను చెమటోడ్చి రాసిన బోర్డుకే సైకిలు ఆనించి తాళం వేసిన మనిషిని అతను కళ్లారా చూశాడు. 'విచారణ' అని మూరెడు అక్షరాలతో రాసిన కిటికీ దగ్గర నిలబడి, విచారణ ఎక్కడండీ అని అడిగిన పెద్దమనిషిని కొట్టబోయాడు కూడా. మన షాపుకీ ఒక బోర్డు రాసుకుందామండీ అని పెళ్లయిన కొత్తలో భార్య అడిగితే, "ఎవడు చదువుతాడని?" అన్నాడు. అప్పటినుంచీ ఊళ్లో సగం గోడల మీద అతని అక్షరాలున్నాయి గానీ, అతని షాపు తలుపు నెత్తిన మాత్రం ఒక మేకు తప్ప ఏమీ లేదు.

ఇక ఆ షాపులో ఒక నెలగా బావమరిది ఉన్నాడు. ముప్పై దాటినవాడు, పెళ్లాం పిల్లలున్నవాడు. 'చిన్న వ్యాపారాన్ని చక్కదిద్దుకోవడం ఎలా' అనే రెండు రోజుల శిక్షణకి వెళ్లి, ఒక నోటుపుస్తకం నిండా రాసుకుని వచ్చాడు. చక్కదిద్దడానికి తనకి వ్యాపారం లేదు కాబట్టి అక్క మొగుడి వ్యాపారం మీద పడ్డాడు. మొదటి వారంలో కుంచెలన్నీ పొడుగు ప్రకారం పేర్చాడు. రెండో వారంలో రంగు డబ్బాలని డబ్బా పరిమాణం ప్రకారం సర్దాడు. ఆ రోజునుంచీ పెయింటరుకి నల్లరంగు కావాలంటే పదకొండు డబ్బాల మూతలు తీయాల్సి వచ్చేది.

"మా తమ్ముడు వచ్చాక షాపు షాపులా ఉంది," అనేది భార్య.

"అవును, మనది కానట్టు ఉంది," అనేవాడు పెయింటరు.

ఆ పొద్దున్న షాపు నేల మీద తొమ్మిది బోర్డులు తడి ఆరక పడి ఉన్నాయి. వేళ్ల కొసలు తగిలితే అంటుకునే తడి. మామూలుగా అయితే పెయింటరు వాటిని బయటికి తెచ్చి, వీధి దుమ్ము పడకుండా, ముఖం గోడకి వీపు వీధికి ఉండేలా ఏటవాలుగా ఆనించేవాడు. అది అతని గురువు నేర్పిన పద్ధతి. ఆ పద్ధతి ఎందుకో బావమరిదికి ఎవరూ చెప్పలేదు. నీడ గీత మీద ఉన్న పెయింటరు తలెత్తకుండా, "ఇవన్నీ బయట పెట్టు, పదకొండింటికి ఇక్కడ నేల కనపడాలి," అన్నాడు. అంతే అన్నాడు. ఆ మిగతాది కూడా చెప్పి ఉంటే ఈ కథ లేదు.

బావమరిది తొమ్మిది బోర్డుల్నీ బయటికి చేర్చి, నోటుపుస్తకం తీశాడు. ఒకే రకం సరుకు ఒకే చోట ఉండాలని అందులో రాసి ఉంది. చూడగానే కళ్లకి ఆనాలని కూడా రాసి ఉంది. ఏ రకమో తేల్చడానికి బోర్డు మీదున్నది చదవాలి. అతను అంత దూరం వెళ్లలేదు, రంగు చూశాడు. ఎరుపువి నాలుగు, నీలానివి మూడు, ఆకుపచ్చవి రెండు. ఎండ బాగా తగిలితే త్వరగా ఆరతాయని, ముఖాలు వీధివైపు తిప్పి, ఎక్కడ మేకు కనిపిస్తే అక్కడ తగిలించుకుంటూ పోయాడు.

ఎరుపువాటిలో మూడింటిని ఎండ ఎక్కువగా ఉండే వీధి మొదట్లో స్తంభానికి కట్టాడు. అవి మునిసిపాలిటీవాళ్లు వేరే వీధి కోసం రాయించుకున్నవి. 'మరమ్మతు పని జరుగుచున్నది' అని ఒకటి, 'దారి మూసివేయబడినది' అని ఒకటి, 'కాలినడకన వచ్చువారు ఎడమ పక్కగా వెళ్లవలెను' అని ఒకటి. నాలుగో ఎరుపు బోర్డుకి స్తంభం మీద చోటు చాల్లేదు. దాన్ని తెచ్చి షాపు తలుపు నెత్తినున్న మేకుకి తగిలించాడు. 'అనుమతి లేనిదే లోనికి రాకూడదు' అన్నది ఆ బోర్డు.

నీలం మూడూ ఒక డాక్టరు తన కొత్త వైద్యశాల కోసం రాయించుకున్నవి. 'వైద్యశాల' అని ఒకటి, మిగతా రెండూ వచ్చినవాళ్లు ఎలా మసలుకోవాలో చెప్పేవి. అవి షాపు పక్కనుంచి మేడ మీదికి వెళ్లే మెట్ల కటకటాలకి వచ్చాయి. ఆ మేడ మీద ఉండేది షాపు గది అద్దెకిచ్చిన ఇంటాయన, లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఆకుపచ్చ బోర్డుల్లో ఒకటి పూల మొక్కల దుకాణానిది, దానివల్ల ఎవరికీ నష్టం జరగలేదు. రెండోది మాస్టారి గేటుకి వేలాడింది. 'ఈ ఇల్లు అమ్మబడును' అని దాని మీద ఉంది.

బావమరిది దూరంగా నిలబడి చూసుకుని, చేతులు దులుపుకుని, టీ తాగడానికి వెళ్లాడు.

పదింటికి మోకాళ్ల నొప్పుల ముసలావిడ ఒకామె మెట్లెక్కింది. ఆ చుట్టుపక్కల కొత్త వైద్యశాల వస్తుందని వారం రోజులుగా అందరూ అనుకుంటున్నారు. వరండాలో పడక్కుర్చీలో ఉన్న మాస్టారు ఆవిడని చూసి లేచి కూర్చున్నారు. రిటైరైన ఎనిమిదేళ్లలో ఎవరైనా తనంతట తాను వచ్చి ఆయన ఎదురుగా కూర్చోవడం అదే మొదటిసారి.

"ఎప్పట్నించి నొప్పి?" అన్నారు మాస్టారు, అడగకుండా ఉండలేక.

"మూడేళ్లయింది బాబూ."

"రోజుకి ఎన్ని మెట్లు ఎక్కుతారు? ఎన్ని దిగుతారు?"

"ఎన్ని ఎక్కితే అన్నే దిగుతాను గదా."

"అలా నోటికొచ్చింది చెప్పకూడదు. రేపట్నించి లెక్కపెట్టి రాసుకు రండి," అన్నారు మాస్టారు. ముసలావిడకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంతవరకు ఏ డాక్టరూ ఆవిడని ఇన్ని ప్రశ్నలు అడగలేదట. కిందికి దిగి కనపడ్డవాళ్లందరికీ చెప్పింది. పదిన్నరకల్లా వరండాలో ఎనిమిదిమంది కూర్చున్నారు.

సరిగ్గా పదకొండింటికి పెయింటరు ఫోను మోగింది.

"మీ వీధి మూసేశారు కదండీ," అంది మేడమ్.

"మూసేశారా? ఎవరు మూసేశారు మేడమ్?"

"బోర్డు ఉంది. రాసి ఉన్నదాన్ని దాటి వచ్చే అలవాటు నాకు లేదు. కారు లోపలికి రాదు," అని ఆవిడ ఫోను పెట్టేసింది.

పెయింటరు ఒంటికాలి మీద లేచాడు. ఏడాదిగా ఈ వీధిలో పైపు పగిలి నీళ్లు కారుతుంటే, అర్జీ మీద అర్జీ పెట్టినా తొంగి చూడని మునిసిపాలిటీ, సరిగ్గా తన నోటికాడ కూడు పడగొట్టడానికి ఈ రోజే వీధి మూస్తుందా? మేడమ్‌కి తిరిగి ఫోను చేశాడు, కలవలేదు. వెంటనే మునిసిపల్ ఆఫీసుకి చేశాడు.

"మేమేం మూయలేదండీ," అన్నాడు గుమస్తా.

"బోర్డుందయ్యా. మీరు కాక వీధులు మూసేవాళ్లు ఇంకెవరున్నారు? వీధి మూసేసి పనివాళ్లని పంపకుండా కూర్చోడానికి మీకు సిగ్గులేదా?"

ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది. గుమస్తా ఫోను పెట్టేసి ఆలోచించాడు. బోర్డు ఉందంటే పని మంజూరైనట్టే. మంజూరైన పనికి మనుషుల్ని పంపకపోతే రేపు పైవాళ్లు పట్టుకునేది తననే. దస్త్రాలు తిరగేస్తే ఆ వీధి పైపు మీద ఏడాది నాటి అర్జీ దొరికింది. పావుగంటలో నలుగురు మనుషులు, రెండు గడ్డపారలు, ఒక పార వీధి మొదట్లో దిగాయి. తమ ఆఫీసు బోర్డే కళ్లముందు కనబడుతుంటే వాళ్లకి ఇంకేం అనుమానం ఉంటుంది? అడ్డంగా తవ్వడం మొదలుపెట్టారు. అంతవరకు బోర్డు మీద మాత్రమే మూసుకుపోయిన వీధి అప్పుడు నిజంగా మూసుకుపోయింది.

గడ్డపార చప్పుడు విని పెయింటరు పరుగెత్తాడు. తలుపు నెత్తిన ఉన్న ఎరుపు బోర్డు కిందనుంచి, కటకటాల మీది నీలం బోర్డుల పక్కనుంచి, గేటు మీది ఆకుపచ్చ బోర్డు ముందునుంచి పరుగెత్తాడు. ఏ ఒక్కదాన్నీ చూడలేదు. ఇరవై రెండేళ్లుగా రాయడమే గానీ బోర్డులు చదివే అలవాటు అతనికి లేదు.

"ఎవరు తవ్వమన్నారు మిమ్మల్ని?" అన్నాడు ఆయాసపడుతూ.

"బోర్డు చూడలేదా?" అన్నాడు గడ్డపార మనిషి.

"బోర్డు ఎవడైనా పెడతాడు. బుర్ర ఉండక్కర్లేదా? ఏడాది నించి రాని మీరు ఇవాళే రావాలా? నా కొంప ముంచడానికి ముహూర్తం చూసుకుని వచ్చారా? ఏ దరిద్రుడు రాశాడో, ఏ దరిద్రుడు కట్టాడో, వాడు నా కంటపడితే..." అంటూ ఊపిరి తీసుకోవడానికి స్తంభం మీదున్న బోర్డుకి చెయ్యి ఆనించాడు.

చెయ్యి తీసేసరికి అరచేయంతా ఎర్రగా ఉంది.

పెయింటరు అరచేతిని వాసన చూశాడు. ఎండలో పెట్టి వెలుగుకి తిప్పి చూశాడు. కొన్న ఎరుపులో చిటికెడు గోధుమరంగు కలిపే మనిషి ఆ ఊళ్లో ఒక్కడే ఉన్నాడు. అప్పుడు, ఆ రోజు మొదటిసారి, తలెత్తి బోర్డు చదివాడు. రాసిన దరిద్రుడు ఎవరో తెలిసిపోయింది. కట్టిన దరిద్రుడు రెండో టీ కూడా తాగి, మూతి తుడుచుకుంటూ ఎదురుగా వస్తున్నాడు.

"ఇవి ఇక్కడ ఎందుకు పెట్టావ్?"

"ఎరుపువన్నీ ఒక చోట పెట్టాను బావా. చూడ్డానికి ఎంత బాగుందో చూడు."

"ఏం రాసుందో చూడలేదా?"

"రాసింది నువ్వే కదా బావా, బాగానే రాసుంటావని నమ్మాను," అన్నాడు బావమరిది. పెయింటరు ఎర్ర చెయ్యి అతని మొహం ముందు ఆడించాడు. పళ్లు పటపట కొరికాడు. అంతలో మేడ మీదనుంచి మాస్టారి భార్య గొంతు వీధి వీధంతా వినిపించింది.

ఆవిడ బజారునుంచి కూరలతో వచ్చి, గేటు మీదున్నది చదివి, సంచీ అక్కడే వదిలేసి పైకి వెళ్లింది. వరండాలో వరసగా కూర్చున్న కొత్త మొహాలని చూసింది. ఇల్లు చూసుకోవడానికి వచ్చినవాళ్లు ఇంతమందా అనుకుంది. నలభై ఏళ్ల కాపురంలో ఒక్క మాటైనా చెప్పకుండా ఇల్లు అమ్మకానికి పెట్టిన మొగుడితో మాట్లాడటం అనవసరమనిపించి, నేరుగా కొనేవాళ్లతోనే మాట్లాడింది.

"వానొస్తే ఈ ఇంట్లో గిన్నెలు పెట్టుకోవాలి, వింటున్నారా? ఆ స్నానాలగది నీళ్లు కింద షాపులోకి కారతాయి. గోడలు చెమ్మ. కుళాయిలో నీళ్లు రావు. ఈ కొంప కొన్నవాళ్లు బాగుపడరు, ముందే చెబుతున్నాను," అంది.

మోకాళ్ల నొప్పులవాళ్లు, నడుం నొప్పులవాళ్లు నోరెళ్లబెట్టి విన్నారు. వైద్యశాల ఇలా ఉంటే ఎలా అని ఒకాయన మెల్లగా గొణిగాడు.

ఆ మాటలు వింటూ మెట్లెక్కుతున్న పెయింటరుకి కోపం ఇంకో దారి పట్టింది. స్నానాలగది నీళ్లు షాపు కప్పులోంచి కారుతున్నాయని అతను రెండేళ్లుగా మొత్తుకుంటుంటే, అది నీ భ్రమ అని లెక్క వేసి మరీ తేల్చింది ఆ మాస్టారే. వరండాలో అడుగుపెట్టి, ఎర్రటి అరచెయ్యి ఎత్తి, "విన్నారా మాస్టారూ? ఇప్పుడేమంటారు?" అన్నాడు.

వరసలో వాళ్లంతా గతుక్కుమన్నారు. "అయ్యయ్యో, రక్తం. ముందు ఈయన్ని చూడండి డాక్టరుగారూ," అంది ఒకామె.

"ఎవరైనా సరే వరసలోనే రావాలి," అన్నారు మాస్టారు, కాగితంలోంచి తలెత్తకుండా. అప్పుడాయన నాలుగో కుర్చీలో కూర్చున్న ఒకామెని, రోజుకి ఎన్ని గంటలు కూర్చుని పని చేస్తారని అడుగుతున్నారు. ఆమె ఒళ్లో సంచీ పెట్టుకుని, ఫోను కట్టేసి చేతిలో పట్టుకుని, చాలా క్రమశిక్షణగా జవాబులు చెబుతోంది.

పెయింటరుకి ఆగలేదు. షాపు పోయింది, మేడమ్ పోయింది, మిగిలింది నోరొకటే అనిపించింది. "లేవండి, అందరూ లేవండి. ఇది వైద్యశాల కాదు, ఆయన డాక్టరు కాదు. మెట్ల మీద ఏదో వేలాడుతుంటే నమ్మి ఎక్కేయడమేనా? అవి ఆరబెట్టిన బోర్డులు. బోర్డులు ఎవరైనా చదువుతారా అసలు?"

నాలుగో కుర్చీలో ఉన్నామె లేచి నిలబడింది. "చదువుతారని చెప్పే కదా మీరు నన్ను పని అడిగారు," అంది.

ఫోనులో విన్న గొంతు అదే. పెయింటరు ఎర్ర చెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

"కారు దాకా వెళ్లబోతుంటే, కాలినడకన ఎడమ పక్కగా వెళ్లమని ఇంకో బోర్డు కనిపించింది," అంది మేడమ్. "వెళ్లాను. మీ షాపు ఏదో తెలియలేదు. ఒక తలుపు చూశాను గానీ అనుమతి లేనిదే రాకూడదని ఉంది. సందర్శకులు ముందుగా పైకి వెళ్లి తమ వంతు వచ్చేవరకు కూర్చోవాలని మెట్ల మీద ఉంది. కూర్చున్నాను. ఫోనులు కట్టేయాలని ఉంది. కట్టేశాను. అరగంట నించి కూర్చున్నాను."

కోపం తెచ్చుకోకూడదన్న పొద్దుటి మూడో పని పెయింటరుకి అప్పుడు గుర్తొచ్చింది.

"మా పాత ఆఫీసులో బోర్డులన్నీ ఆ మిషను కంపెనీవే," అంది మేడమ్. "లిఫ్టు పనిచేయదని పెడితే జనం అందులోకి ఎక్కి నిలబడి, ఎందుకు కదలడం లేదని నాకు ఫోను చేస్తారు. పదేళ్లయింది, ఒక్క బోర్డు ఒక్క మనిషి చేత ఒక్క పని చేయించగా నేను చూడలేదు. ఇక్కడ మీ బోర్డు చదివి మునిసిపాలిటీ వీధి తవ్వడం ఈ వరండాలోంచే చూశాను. ఆ రెండు వందల పన్నెండూ మీరే రాయండి."

పెయింటరుకి కళ్లు చెమ్మగిల్లాయి, ఎర్ర చేత్తో తుడుచుకున్నాడు, మొహం కూడా ఎర్రగా అయింది. ఇరవై రెండేళ్ల ఫిర్యాదు తప్పని తేలినందుకు అతనికి ఎంత సంతోషం కలిగిందంటే, ఆ సంతోషం అలవాటు లేక కాసేపు మెట్ల మీద కూలబడ్డాడు.

"ఒక్క షరతు," అంది మేడమ్ దిగుతూ. "ముందు మీ షాపుకి ఒక బోర్డు రాసుకోండి. రేపు నా మనుషులు మీ కోసం ఇంకో డాక్టరు దగ్గర కూర్చోకూడదు."

ఆ సాయంత్రమే పెయింటరు తన షాపు బోర్డు రాశాడు. బతుకులో అంత బాగా ఏ బోర్డూ రాయలేదని భార్య కూడా ఒప్పుకుంది. తడి ఆరడానికి బయట పెట్టమని బావమరిదికి ఇస్తూ, ఈసారి మొత్తం చెప్పాడు. ముఖం గోడకి, వీపు వీధికి. దాన్ని తాకినా, తిప్పినా, సర్దినా ఊరుకునేది లేదన్నాడు. బావమరిది నోటుపుస్తకంలో అది రాసుకుని, కింద రెండు గీతలు గీశాడు.

మర్నాటినుంచీ మేడమ్ పని మొదలై పెయింటరుకి తలెత్తే తీరిక లేకపోయింది. షాపు బోర్డు ఇప్పటికీ ముఖం గోడకి తిప్పుకుని అలాగే ఉంది, బావమరిది ఎవర్నీ తాకనివ్వడు. షాపు ఎక్కడని అడిగినవాళ్లకి వీధిలోవాళ్లు లెక్కల డాక్టరుగారి కింద అని చెబుతున్నారు.